పదకొండో పేజీ

తునిలో ఒక ఆసుపత్రికి మేనేజరుగా ఉన్న కోదండపాణి, ఏ కాగితమైనా చదవకుండా చటుక్కున సంతకం పడేయడమే సమర్థత అనుకునేవాడు.

ఆ ఆసుపత్రి లిఫ్టును చూసుకునే పని హైదరాబాదు కంపెనీ ఒకటి ఒప్పుకుంది. కంపెనీ మనిషి గురవయ్య పదేళ్ళుగా లిఫ్టు పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. లిఫ్టు మధ్యలో ఆగితే యంత్రం ఉన్న పై గదిలోకి పరిగెత్తి, చేత్తో చక్రం తిప్పి దించేవాడు. ఆ ఏడు కంపెనీ ఒప్పందాన్ని కొత్తగా రాసి పంపింది.

"ఈసారి పేజీలు ఎక్కువున్నాయి సార్. ఒకసారి చూడండి" అంది గుమాస్తా హైమావతి.

"కంపెనీ అదే, లిఫ్టూ అదే. చూసేదేముందమ్మా?" అంటూ సంతకం గీకేశాడు.

ఒకటో తారీఖున గురవయ్య స్టూలు ఖాళీగా కనబడింది. అప్పుడైనా అడగొద్దూ? సెలవు పెట్టాడేమోలే అనుకున్నాడు మహానుభావుడు.

ఆ వారంలోనే ఆటో నడిపే లోవరాజు, నొప్పులు పడుతున్న భార్య సత్యవేణిని తీసుకొచ్చాడు. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు. లోవరాజు చేతికి ఒక కాగితం ఇచ్చారు.

"ఇందులో ఏం రాశారండి?" అని అడిగాడతను.

"ఇప్పుడు చదువుతూ కూర్చుంటావా? సంతకం పెట్టవయ్యా" అని కోదండపాణి కసిరాడు. అతను పెట్టేశాడు.

సత్యవేణిని ఎక్కించిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

కోదండపాణి కంపెనీకి ఫోన్ చేశాడు. "ఇప్పుడక్కడ మనిషిని ఉంచడం లేదు సార్. ఫిర్యాదు అందిన నాలుగు గంటల్లో పంపుతాం. ఒప్పందం పదకొండో పేజీలో ఉంది" అన్నారు అవతలివాళ్ళు.

కబురందిన గురవయ్య పాపం ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చాడు. పై గదికి కంపెనీ తాళం వేసి ఉంది. తమ మనుషులు తప్ప ఎవరూ తెరవకూడదన్న షరతు కూడా ఆ పేజీలోదే. గునపంతో తాళం పగలగొట్టి, చక్రం తిప్పి దించేసరికి గంట దాటింది. సత్యవేణి బతికింది. బిడ్డ దక్కలేదు.

సాయంత్రం లోవరాజు తువ్వాల్లో చుట్టిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. కోదండపాణి అతని దగ్గరికి వెళ్ళాడు.

"సార్, పొద్దున నా చేత సంతకం పెట్టించారు కదండీ. ఇలా జరగొచ్చని అందులో రాసుందాండీ?" అని లోవరాజు మెల్లగా అడిగాడు.

కోదండపాణికి తెలియదు. ఆ కాగితాన్ని ఆయనా ఏనాడూ చదవలేదు.

ఇతరుల ప్రాణాలు ఆధారపడిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడం చురుకుదనం కాదు, పాపం.