జమ్ముకాడలు దాటిన నీరు

అనగనగా ఒక సరస్సు. రాజుగారి సంగతి తరవాత చెబుతాను, ముందు సరస్సు సంగతే చెప్పాలి. ఎందుకంటే రాజు కన్నా అదే పెద్దది. భాద్రపదంలో ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనబడేది కాదు. మాఘంలో తెల్లని గూడబాతులు వేలకు వేలు దిగితే నీళ్లే కనబడేవి కావు. అబ్బ, ఆ రెక్కల చప్పుడుకు ఒళ్లు పులకరించేది!

సరస్సు నడుమ చిన్న లంక, అందులో పడవవాళ్ల గుడిసెలు ఇరవై. వాళ్లకొక ఆచారం ఉండేది. ఏటా సరస్సు నిండిన రోజున అందరిలోకీ పెద్దామె పడవలో చుట్టూ తిరిగి, నీరు ఆగిన చోటల్లా ఒడ్డున పెరిగే జమ్ముగడ్డి కాడ ఒకటి గుచ్చేది. ఆ కాడల లోపల ఎవరూ గోడ కట్టరాదు, గింజ చల్లరాదు. వేసవిలో ఎండిపోయినా సరే, అది నీటి చోటే. ఆ కాలంలో కాడలు గుచ్చే పెద్దామె నాంచారమ్మ.

ఆ దేశపు రాజు చంద్రపాలుడు. చెడ్డవాడేమీ కాదు, తొందరమనిషి. రాజధానికి ఇటుకలు కావాలని కొండల మీద అడవి నరికించి, ఆ కట్టెలతో వందల బట్టీలు కాల్పించాడు. నీడ పోయింది, పొగ నిలిచింది, ఎండలు ముదిరాయి. ఒక వైశాఖంలో సరస్సు ఎన్నడూ లేనంతగా కుంచించుకుపోయింది. సరిగ్గా అప్పుడే రాజు దాన్ని చూడవచ్చాడు.

"ఇంత నేల ఊరికే పడి ఉందా! గట్లు వేసి పొలాలు చేయండి. నాకొక వేసవి మేడ కూడా కట్టండి" అన్నాడు.

నాంచారమ్మ చేతులు జోడించింది. "మారాజా, ఇది బీడు కాదయ్యా. సరస్సు ఎటో ఎల్లింది, మళ్లీ వత్తాది. ఇది దాని పడక."

మంత్రి పకపకా నవ్వాడు. "ఎంతవరకు వస్తుందో చూపించగలవా, అవ్వా?"

"చూపిత్తాను బాబూ."

రాజుకు పంతం వచ్చింది. "సరే, నీరు ఆగే చోట గీత గియ్యి. నీ గీత నిజమైతే గట్లన్నీ తెంపిస్తాను. తప్పితే మీరంతా లంక ఖాళీ చేయాలి."

మండుటెండలో నాంచారమ్మ ఎండునేల మీద నడుచుకుంటూ జమ్ముకాడలు గుచ్చింది. ఆ కాడల గీత చివరికి మేడ కట్టబోయే చోటును, పొలాల చోటును అన్నింటినీ తనలో కలిపేసుకుంది. చూసినవాళ్లు ముసలిదానికి మతి పోయిందన్నారు. వెయ్యిమంది పనిచేస్తే శ్రావణానికల్లా గట్లు పడ్డాయి, మేడ లేచింది.

అప్పుడు వాన మొదలైంది. రాజు పరివారంతో గీత అవతల మెరక మీద గుడారం వేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

మొదటి రోజు గట్లు బెల్లంలా కరిగాయి. రెండో రోజు మేడ గుమ్మాలు మునిగాయి. నీరు పాకుతూ పాకుతూ వచ్చి, జమ్ముకాడల మొదట్లో ఆగింది. ఒక్క కాడ కూడా దాటలేదు! రాజు దిగ్గున లేచి నిలబడ్డాడు. ఇంత పెద్ద నీటికి తన హద్దు తనకు తెలుసునా అని విస్తుపోయాడు.

మూడో రోజు వాన వెలిసింది. అయినా కొండల మీది నుంచి ఎర్రటి నీరు ఒక్కసారిగా దిగింది. కాడలు మునిగాయి, గుడారం మునిగింది, లంక మునిగింది. నీరు కోట గుమ్మం దాకా వెళ్లింది. లంక జనం పడవలెక్కారు. రాజును, మంత్రిని నాంచారమ్మే తన పడవలోకి లాగింది.

మంత్రి తడిసి ముద్దయినా ఊరుకోలేదు. "గీత దాటింది ప్రభూ! అవ్వ ఓడింది" అన్నాడు.

నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది. "నిజమే మారాజా. మా తాతల నాటి నుంచీ దాటలేదు, ఇయ్యాల దాటింది. నా గీత తప్పింది. మాట ప్రకారం లంక ఒదిలేత్తాం."

పడవ పక్కన నీటి మీద కూర్చున్న ముసలి గూడబాతు తల ఎత్తింది. "రాజా, ఆమె గీత గీసింది అడవి ఉన్న కొండల నుంచి దిగే నీటికి. చెట్లు ఉంటే పది రోజులు ఆగి ఆగి దిగే నీరు, ఇవాళ ఒక్క పూటలో దిగింది. నీటికి కోపం లేదు. పట్టుకునేవాళ్లు లేరు, అంతే."

రాజు కొండల వైపు చూశాడు. ఒక్క చెట్టు లేదు. చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఆకాశమంత నీరు. ఆ నీటి మీద తానెంత చిన్నవాడో తెలిసింది.

"ఓడింది నేనమ్మా. కోట పక్కన మెరక ఇస్తాను, మీరంతా అక్కడ ఉండండి" అన్నాడు.

"మెరక మాకెందుకయ్యా? కొండకి సెట్లియ్యి. లంక అదే తేల్తాది."

ఆ రోజే బట్టీలు ఆరాయి. మిగిలిన గట్లు తెగాయి. రాజు స్వయంగా పార పట్టి మొక్కలు నాటాడు. మూడేళ్లలో నరికిన అడవి మళ్లీ పెరగడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ లంక ఏటా మునుగుతూనే ఉంది, లంక జనం పడవల్లోనే కాపురం ఉన్నారు. ముప్పై ఒకటో ఏట లంక మునగలేదు. గుడిసెలు మళ్లీ లేచాయి. ముసలి రాజు నాంచారమ్మకు ఆ మాట చెప్పాలని ఆత్రంగా వచ్చాడు. కానీ ఆమె పోయి అప్పటికే పన్నెండేళ్లయింది.

పిల్లలూ, నీతి ఇది: ప్రకృతి సొత్తును లాక్కోవడానికి ఒక్క మాట చాలు, తిరిగి ఇవ్వడానికి ఒక జీవితం చాలదు, అందుకే లాక్కోకముందే ఆగినవాడు వివేకి.