కడపటి విస్తరి

రండమ్మా, రండి నాయనలారా! ఆ గోడవార కూర్చున్న పెద్దాయనా, మీరూ ఇటు జరగండి. అన్నపూర్ణమ్మ తల్లికి మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇక వినండి.

ఒకానొక రాజ్యంలో, పొద్దున్నే ఏటి మీద పొగమంచు పాలమీగడలా తేలే చోట, కేయూరవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే. తిండి దగ్గర మాత్రం మహా దర్పం. "చాలు అన్న మాట మా నోట రాలేదు, రాదు" అని సభలో మీసం దువ్వేవాడు. నేతిలో ఈదే బొబ్బట్లు, ఆపైన అరిసెలు, ఆపైన జున్ను. సింహాసనం మూడు మెట్లెక్కేసరికి కొలిమితిత్తిలా రొప్పేవాడు.

ముసలి రాజవైద్యుడు పేరయ్య ఉండబట్టలేకపోయాడు. "ప్రభూ, తీపి మానమనను. తేలికైనది, దొప్పెడు తీసుకోండి" అన్నాడు.

రాజు కళ్లెర్రజేశాడు. "మాకే కొలత పెడతావా? రేపు పొద్దు గుంకేలోగా పొలిమేర దాటు!"

సభలో ఉన్న మాచనకు గుండె కలుక్కుమంది. చమత్కారి అని పేరుబడ్డ ఈ మాచనను పసితనంలో జ్వరం నోటినుంచి లాక్కొచ్చింది ఆ పేరయ్యే. లేచి చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభూ, రేపు కార్తీక వనభోజనాలు కదా. అక్కడ తమ నోటనే 'చాలు' అనిపిస్తే?"

"ఎవరూ వద్దనకుండానా?"

"ఒక్కరూ వద్దనరు."

"అనిపిస్తే వైద్యుడు ఉంటాడు. లేదంటే ఆయన మూట మోసుకుంటూ నువ్వూ పోతావు!"

"చిత్తం."

మర్నాడు ఏటి ఒడ్డున ఉసిరితోపులో విస్తళ్లు పరిచారు. ఆ వంశంలో ఒక కట్టుబాటు ఉంది. వనభోజనాల నాడు రాజూ ప్రజలూ ఒకే బంతి. కడపటి విస్తరికి అందేదాకా మొదటి విస్తరికి మారు వడ్డన లేదు. ముత్తాత పెట్టిన ఆ మాటను రాజే లేచి నిలబడి గంభీరంగా చాటాడు, ఏటేటా చాటినట్టే.

అయితే ఈసారి మాచన అవతలి ఒడ్డు ఊళ్లన్నింటికీ పిలుపు పంపాడు. బంతి తోపు దాటింది, ఏటి వంపు తిరిగింది, రెల్లుపూలలో ఎక్కడో మాయమైంది.

అన్నం, పప్పు, కూర, వాటి పక్కన దొప్పెడు పెసరపప్పు పాయసం. పలుచగా, కొబ్బరిపాలతో, కాసింత బెల్లంతో. రాజు అన్నీ గబగబా లాగించాడు.

"ఊఁ, మళ్లీ వడ్డించండి!"

"కడపటి విస్తరికి ఇంకా అందలేదు ప్రభూ" అన్నాడు మాచన.

"ఎందాకా వెళ్లారు?"

"ఏటి వంపు దాకా."

రాజుకు ఒళ్లు మండింది. కానీ ఇంతమంది ఎదుట ముత్తాత మాట దాటగలడా? కూర్చున్నాడు.

ఉసిరాకులు సన్నగా రాలుతున్నాయి. ఆడవాళ్లెవరో శివుడి పాట ఎత్తుకున్నారు. ఆ పాట బంతి వెంబడే మెల్లగా పాకుతూ పోయింది. నీళ్లు తేనెరంగు తిరిగాయి. నాలుక మీద పాయసంలోని ఏలకుల రుచి ఇంకా ఉంది. ఒక రుచి అంతసేపు నిలుస్తుందని రాజుకు ఆనాటిదాకా తెలియదు. రెప్పలు వాలాయి. కడుపు దానంతటదే సర్దుకుంది.

మాచన మాత్రం పొద్దు వంకే చూస్తున్నాడు. అది జానెడు కిందికి దిగింది.

ఎట్టకేలకు వడ్డనవాళ్లు తిరిగొచ్చారు. గరిటె దొప్ప మీదికి వంగింది. రాజు, నిద్రలో పసివాడిలా, చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

తన మాట తన చెవిన పడి రాజు ఉలిక్కిపడ్డాడు. "మాచనా! మమ్మల్ని మోసం చేశావు!"

"నేనా ప్రభూ? నేను విస్తళ్లు పరిపించానంతే. వైద్యం చేసింది తమ ముత్తాతగారు. పొలిమేర దాటించాలంటే ముందు వారిని దాటించాలి."

రాజు పొట్ట అదిరేలా నవ్వాడు. "ఇంతసేపు మమ్మల్ని ఆపిన ఆ కడపటి విస్తరి ఎవరిదయ్యా?"

"నడిచి వచ్చి చూడండి."

ఏటి వంపు దాటి వెళ్లారు. రెల్లుపూల చివర, ప్రయాణపు మూట పక్కన పెట్టుకుని, పేరయ్య పాయసం తాగుతున్నాడు. తలెత్తి రాజును ఎగాదిగా చూశాడు. "ఇంతదూరం నడిచారు ప్రభూ. ఆయాసమే లేదే!"

రాజు అక్కడే నేల మీద కూర్చుని, ఆ మూట ముడి తన చేత్తోనే విప్పాడు. మెడలోని ముత్యాలహారం తీసి మాచనకు వేశాడు. మరుసటి ఏడాది నుంచి కడపటి విస్తరి రాజుదే అయిందట.

కథంతా మరిచినా సరే నాయనలారా, ఒక్కటి మరవకండి. మారు అడిగేముందు, బంతి చివరివాడికి అందేదాకా ఆగడం. రేపు మీ ఇంట్లో అలా ఆగి చూడండి. ఎల్లుండి మళ్లీ ఆగండి.