రుబ్బించవలెను

వకుళకు వారం నుంచి పాఠం లేదు. జ్వరం వచ్చి కాదు, బద్ధకించీ కాదు. గురువుగారి డెబ్భయ్యో పుట్టినరోజు వచ్చింది, అందుకు.

అచ్యుతాచార్యులుగారు కొండవార పాఠశాలలో తెలుగు వ్యాకరణం చెబుతారు. ఆయన దగ్గరున్న శిష్యుల్లో ఆడపిల్ల వకుళ ఒక్కతే. పుట్టినరోజు సాయంత్రం పాత శిష్యులందర్నీ టీకి పిలుద్దామనీ, టీతోబాటు జమీందారుల కాలంనాటి వంటకాలు పెడదామనీ పెద్ద శిష్యుడు ప్రద్యుమ్నకు తోచింది. తోచడం అతని వంతు. వండటం పైడమ్మదీ, వకుళదీ.

పైడమ్మ పాఠశాల వంటమనిషి. జీతం పుచ్చుకుని వండుతుంది. వకుళ ఏం పుచ్చుకుని వండుతోందో ఎవరూ అడగలేదు. ఆడపిల్ల ఉండగా ఇంకెవరు చేస్తారు అన్నట్టు, చెప్పకుండానే ఆ పని ఆమె నెత్తిన పడింది.

మొదటిరోజు పైడమ్మ మిక్సీ తీయబోతుంటే ప్రద్యుమ్న గుమ్మంలోంచే వారించాడు.

"మిక్సీ వద్దు పైడమ్మా, చారిత్రకత పోతుంది. రోట్లోనే రుబ్బాలి."

"ఎవరి చారిత్రకత?" అంది వకుళ.

"మన వంటలది. అసలైన రుచంటే ఏమిటో పుట్టినరోజు పార్టీలో నీకే తెలుస్తుంది, వకుళా."

"చారిత్రకంగా చూస్తే జమీందారుల కాలంలో నీ గదిలో ఫ్యాను కూడా లేదు. పోయి అది ఆపుకుని కూర్చో."

ప్రద్యుమ్న నవ్వాడు. కోపమొచ్చిన ఆడపిల్లను చూసి నవ్వడం పెద్దమనసు కింద లెక్క, అతని దృష్టిలో.

వంటింటికీ పాఠం చెప్పే హాలుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. చేసి అనడానికీ, చేయించి అనడానికీ ఉన్న తేడా, అదే ప్రేరణార్థకం, ఆ వారమే నడుస్తోంది. రోట్లో పొత్రం ఆపితే గురువుగారి గొంతు వినిపించేది. తిప్పితే పోయేది. వకుళ మాటిమాటికీ ఆపేది.

"తిప్పమ్మా, పిండి బిగిసిపోతాది," అనేది పైడమ్మ. "ఆ మాటలు రేపైనా ఇనొచ్చు."

రేపు మండెగలనే తీపి రొట్టెల కోసం గోధుమలు దంచాలి. ఎల్లుండి జల్లించాలి. దంచిన పిండి నలకల్లేకుండా ఉందో లేదో చూడ్డానికి మాత్రం ప్రద్యుమ్న పూటపూటా వచ్చి, చిటికెడు వేళ్ల మధ్య నలిపి, తలాడించి పోయేవాడు.

పుట్టినరోజు పొద్దున వకుళ బట్టలు సంచిలో కుక్కుకుని గురువుగారి ముందు నిలబడింది.

"సాయంత్రం బస్సుకు వెళ్లిపోతున్నానండీ. వంటే నేర్చుకోవాలంటే మా అమ్మ దగ్గరే ఉండేదాన్ని. నాకు ప్రేరణార్థకం రాదు. అది చెప్పినన్నాళ్లూ నేను రోటి దగ్గరున్నాను. ఎదురుగా ఖాళీగా ఉన్న నా చాప మీకు కనబడలేదా?"

గురువుగారు ఆమె అరచేతుల వంక చూశారు. పొక్కులు చితికి ఎర్రగా ఉన్నాయి.

"టీ వేళదాకా ఉండు," అన్నారు.

అంతే. వకుళకు ఒళ్లు మండిపోయింది. ఈయనకూ టీకి రెండు చేతులు కావాలన్నమాట అనుకుంది. సంచి తెచ్చి వంటింటి గుమ్మంలోనే పెట్టింది, దాటుకుని వెళ్లేవాళ్ల కాళ్లకు తగిలేలా.

సాయంత్రం హాలు నిండింది. నేతిలో తడిసిన మండెగలు, పెరుగులో నానిన మినపవడలు వరసగా పెట్టారు. తింటున్నవాళ్లు కళ్లు మూసుకుని మరీ తింటున్నారు. ఎవరో, "ప్రద్యుమ్నా, ఎంత శ్రమపడ్డావయ్యా," అన్నారు. ప్రద్యుమ్న వినయంగా తల వంచాడు. ఆ తల వంచడం చూసి, టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వకుళ పళ్లు కొరికింది.

"ఈ వంటలకు నువ్వు రాసి తెచ్చుకున్న పాతకాలపు విధానం ఒకసారి చదువు నాయనా," అన్నారు గురువుగారు.

ప్రద్యుమ్న కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. "మినపపప్పు నానబెట్టించి, పొట్టు తీయించి, వెన్న వలె అగువరకు రుబ్బించవలెను. గోధుమలు దంపించి, జల్లింపించి..."

"చాలు. ఈ క్రియలేమిటి?"

"ప్రేరణార్థకాలండీ."

"చేయించినవాడు?"

"జమీందారుగారండీ."

"రుబ్బినవాళ్లు?"

ప్రద్యుమ్న కాగితం పైనుంచి కిందికి చూశాడు. "వాక్యంలో లేరండీ."

"మరి ఎక్కడున్నారు?"

నములుతున్న నోళ్లు ఆగాయి. ఒక్కొక్క తలే వంటింటి గుమ్మం వైపు తిరిగింది.

గురువుగారు లేచారు. తన కుర్చీ గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి పైడమ్మను కూర్చోమన్నారు. పైడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నానేటి బాబూ, కుర్చీలోనేటి," అంటూనే కూర్చుంది. ప్రద్యుమ్న కూర్చున్న కుర్చీ కూడా తెచ్చి, దాని పక్కన వేసి వకుళను కూర్చోబెట్టారు. ఆమె చేతిలోని టీ పళ్లెం తీసుకుని ప్రద్యుమ్న చేతిలో పెట్టారు.

"చేసినవాళ్లు తింటారు. చేయించినవాడు వడ్డిస్తాడు."

ప్రద్యుమ్న ముఖం కందగడ్డయింది. "మరి తమరు, గురువుగారూ?"

"నేను చేయించుకున్నవాణ్ణి," అన్నారాయన. పంచె ఎగ్గట్టి, ఎంగిలి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పెరట్లో కుళాయి దగ్గరకు నడిచారు. అతిథులు గబగబా లేచారు. పెద్దాయన ముందు ఎంగిలి ప్లేటు పట్టుకుని ఎవరు కూర్చోగలరు?

పైడమ్మ మండెగ కొరికి, "ఇంత కష్టపడ్డామా, బాగానే ఉన్నాది," అంది. తర్వాత ప్రద్యుమ్న వైపు చూసి, "బాబూ, పెరుగొడలు ఇటు," అంది.

వకుళ తినలేదు. లేచి కుళాయి దగ్గరకు వెళ్లింది.

"ఈ ఒక్కపూటేనా అండీ?"

గురువుగారు ప్లేటు మీది నుంచి తల ఎత్తలేదు. "ఇది ఉదాహరణ. అభ్యాసం రేపట్నుంచి. అందరికీ."

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. లోపల్నుంచి పైడమ్మ కేకేసింది. "అమ్మా, బస్సెల్పోతాది."

వకుళ గుమ్మంలోకి వెళ్లింది. సంచి దాటి వంటింట్లోకి నడిచింది. బెల్లప్పాకం అడుగంటి నల్లగా మాడిపోయిన పెద్ద బాణలిని రెండు చేతులా మోసుకొచ్చి గురువుగారి ముందు దించింది.

ఆయన బాణలిని చూశారు. వకుళను చూశారు.

తర్వాత పీచు అందుకున్నారు.