పోలి పిలవలేదు

అనగనగా సముద్రం ఒడ్డున, సరుగుడు తోటకి అవతల ఉన్న ఒక ఊళ్ళో, పోలి అని ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్ళది. నీకంటే కాస్త పొట్టి, గొంతు మాత్రం నీకంటే పెద్దది. సాయంత్రం వాళ్ళ నాన్న తెప్ప తిరిగొస్తుంటే ఒడ్డున నిలబడి "అయ్యా" అని పిలిచేది. అలల హోరులో కూడా అతనికి వినపడేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతాను.

తెప్ప అంటే పడవ కాదు. మూడు దుంగలు పక్కపక్కన పెట్టి, తాడుతో ముందొక కట్టు, వెనకొక కట్టు కడతారు. అంతే, మేకులుండవు, చెక్కలుండవు. చేపల వేటనుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసకలో ఆరబెడతారు. మర్నాడు పొద్దున మళ్ళీ కడతారు. పోలి వాళ్ళ నాన్న మసేను ఆ కట్టు కట్టడం కూతురికి నేర్పాడు. ఆడపిల్లకెందుకురా అని అందరూ నవ్వితే అతను వినలేదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. వేటకి బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. ఎవరైనా పిలిచారో, ఆ పూటకి వేట లేదన్నమాటే. తెప్పని ఒడ్డుకి లాగేసి, దుంగలు విప్పేసి, ఇంటికొచ్చి పడుకోవాల్సిందే.

ఒకరోజు మసేను గంజి ముంత మర్చిపోయి వెళ్ళిపోయాడు. పోలి ముంత పట్టుకుని పరిగెత్తింది. అప్పటికే తెప్ప నీళ్ళలోకి దిగింది. అయ్య రోజంతా ఆకలితో ఉంటాడే అన్నది తప్ప దాని బుర్రకి ఇంకేం తోచలేదు. అప్పుడు "అయ్యా, గంజి" అని పిలిచింది.

మసేను తెప్ప వెనక్కి తిప్పి ఒడ్డుకొచ్చాడు. తెప్ప లాగెయ్యమని ఒడ్డునున్న వాళ్ళు చెప్పారు. అతను నవ్వాడు. "సంటిపిల్ల పిలుపు కూడా పిలుపేటి? సేపలు గుంపులుగా పడతన్నాయి" అని ముంత అందుకున్నాడు. కూతురి తల నిమిరి మళ్ళీ వెళ్ళాడు. ఆ సాయంత్రం వేటకెళ్ళిన మూడు తెప్పల్లో రెండే తిరిగొచ్చాయి. ఆ తర్వాత మూడు రోజులు ఎదురుచూశారు. ముంత ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

కట్టుబాటు తప్పింది మసేను. కానీ పోయినవాణ్ణి ఏమంటారు? ఉన్న పిల్లని అన్నారు. దాని నోరు మంచిది కాదని పెద్దవాళ్ళు ఒక్కసారే అన్నారు. పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. మీ పిల్లలు ఒక మాట పట్టుకుంటే ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా?

ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం ఒడ్డునుంచి పెద్దవల లాగుతారు. తాడు ముందు పెద్దవాళ్ళు, తోక దగ్గర పిల్లలు. తాడు ముట్టుకున్న ప్రతి పిల్లకీ దోసెడు చేపలిస్తారు. చేపల సంగతి అలా ఉంచు. అందరూ ఒకే పాట పాడుతూ, ఒకళ్ళ వీపు ఒకళ్ళకి తగులుతూ వెనక్కి నడవడం ఉందే, అదీ పోలికి కావలసింది. కానీ అది చెయ్యి వేసేసరికి పిల్లలందరూ తాడు వదిలేసేవాళ్ళు. వల జారిపోతోందని పెద్దవాళ్ళు అరిచేవాళ్ళు. అప్పుడు పోలే తప్పుకునేది.

ఆ పిల్లల గుంపుకి పెద్ద, కాసులు అనే పిల్ల. వేటకెళ్ళే ఎర్రయ్య కూతురు, పదేళ్ళది. పోలి మొదట కాసులికి ఒడినిండా గవ్వలు ఏరి తెచ్చింది. కాసులు గవ్వలు తీసుకుంది, పోలిని పొమ్మంది.

ఆ తర్వాత పిల్లలు కట్టెపుల్లలతో బుల్లి తెప్ప కట్టుకుంటుంటే, అది విడిపోతుంటే, పోలి వెళ్ళి వాళ్ళ నాన్న నేర్పిన కట్టు కట్టి ఇచ్చింది. తెప్ప భలే తేలింది. పిల్లలు దాని వెంట కేరింతలు కొడుతూ పరిగెత్తారు. పోలిని రమ్మనలేదు.

అప్పుడు పోలి మూడో పని చేసింది. మాట్లాడడం మానేసింది. తప్పంతా నా గొంతుదే కదా, అది లేకపోతే నన్ను రానిస్తారు కదా అనుకుంది. ఇంట్లో కూడా మానేసింది. వాళ్ళమ్మ గురమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఊరికి పనికిరాపోతే నాకు పనికొత్తాది నీ మాట, నాతోనైనా మాటాడవే" అని బతిమాలింది. పోలి తల అడ్డంగా ఊపింది. పిలిస్తే అమ్మ కూడా పోతుందని దాని భయం. ఇంత పిల్లకి అంత భయం ఎక్కించారు, పాపిష్టి జనం.

నలభై రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కాసులికి ఏమనిపించిందో, "సరే, తోకన నిలబడు. నోరు తెరిసేవో, తాడు ఒగ్గేయాల" అంది. పోలి తాడు పట్టుకుంది. ఎవరూ వదల్లేదు. పాట పాడకుండా పెదాలు మూసుకునే వెనక్కి నడిచింది. దోసెడు చేపలు తీసుకుని ఇంటికి పరిగెత్తింది. ఆ పూట దాని అంత ధనవంతురాలు లేదనుకో.

మర్నాడు పొద్దున పోలి ఎప్పట్లాగే ఒడ్డున కూర్చుంది. కాసులు వాళ్ళ నాన్న ఎర్రయ్య తెప్ప కట్టుకుంటున్నాడు. వెనక కట్టు కట్టాల్సిన తమ్ముడు జ్వరంతో రాలేదు. ఎర్రయ్య ముందు కట్టు బిగించాడు, వెనక తాడు ఒక చుట్టు చుట్టాడు, ఇంతలో ఎవరో పలకరిస్తే మాటల్లో పడ్డాడు. ఆ తర్వాత తెప్పని నీళ్ళలోకి తోసి ఎక్కేశాడు. వెనక ముడి పడనే లేదు. తాడు కొస నీళ్ళలో ఆడుతోంది. ఒడ్డున పోలి తప్ప అటు చూసినవాళ్ళు లేరు.

పోలి లేచింది. నోరు తెరిచింది. ఒక్క పిలుపు, "మావా" అంటే చాలు. ఎర్రయ్య కట్టుబాటంటే ప్రాణం పెట్టేవాడు. నోటికొచ్చినట్టు తిట్టినా సరే, తెప్ప లాగేసి ఇంటికెళ్ళి పడుకునేవాడు.

కానీ పోలికి గంజి ముంత కళ్ళముందు కనపడింది. పిలిస్తే చచ్చిపోతాడనుకుంది. నిన్న చేతిలో ఉన్న తాడు కూడా గుర్తొచ్చింది, నోరు తెరిస్తే అది పోతుంది; ఆ సంగతి నీ దగ్గర దాచకూడదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళలోకి పరిగెత్తింది. అల వచ్చి ఒడ్డుకి విసిరేసింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ విసిరేసింది. మూడోసారి లేచేసరికి తెప్ప దూరమైపోయింది.

సాయంత్రానికి దుంగలు ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చాయి. ఎర్రయ్య రాలేదు.

కాసులు దుంగ పక్కన కూలబడి ఏడుస్తుంటే పోలి వచ్చి కూర్చుంది. నలభై రోజుల తర్వాత గొంతు విప్పింది. "ఎనక ముడి ఎయ్యలేదు. నాను సూసేను" అంది.

"సూసేవా?" అంది కాసులు. "సూసి పిలవలేదేటే?"

ముందు పిలిచినందుకు దూరం పెట్టారు. ఆ తర్వాత పిలవనందుకు పెట్టారు. ఈసారి కొన్నాళ్ళు కాదు, బతికున్నన్నాళ్ళూ.

పోలి పెద్దదైంది. తెల్లారగానే ఒడ్డుకొచ్చి, ఏ తెప్ప కట్టు వదులుగా ఉన్నా మాట్లాడకుండా వెళ్ళి బిగించేది. అది అటు తిరగ్గానే వాళ్ళు ఆ కట్టు విప్పేసి, మళ్ళీ తామే కట్టుకునేవాళ్ళు. అయినా మర్నాడు మళ్ళీ వచ్చేది.

అంతేనా అని అడక్కు. అంతేనమ్మా. ఇలా దగ్గరికి జరుగు.

కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
పోలేమో ఒడ్డునే ఉంది,
పిలిచేవాళ్ళు లేక ఉంది.