జైలు గోడ మీద ఎర్ర తువ్వాలు

ఆ వారమంతా గవర్రాజుకు అన్నం సయించలేదు. కారణం ఒక ఫొటో.

రేవూళ్లో యాకూబ్ మాస్టారి స్టూడియో ముందు ఒక అద్దాల పెట్టె ఉండేది. మాస్టారికి నచ్చిన ఫొటో ఒకే ఒక్కటి అందులో ఉంటుంది. గవర్రాజు ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. అతని ఫొటో ఒక్కసారీ ఆ పెట్టెలోకి ఎక్కలేదు. నిన్నగాక మొన్న చేరిన దేవదానం తీసిన ఒక పాత దొరగారి గోరీ మాత్రం ఎక్కింది. జనం సైకిళ్లు దిగి మరీ చూస్తున్నారు.

"అదే గోరీ నేనూ తీశాను," అన్నాడు గవర్రాజు టీకొట్టులో.

"నీదీ చూశాన్లే బాబూ. రాయి బాగా పడింది," అన్నాడు కొట్టతను.

ఆదివారం మాస్టారూ శిష్యులిద్దరూ ఊరి చివర పాత జైలుకు వెళ్లారు. ఖైదీలు లేక అది మూతపడి చాలా ఏళ్లయింది. పక్కనే గోరీల దొడ్డి. మధ్యాహ్నానికి దేవదానం అక్కడ ఒక రీలు పూర్తిచేసి, డబ్బాలో పెట్టి సంచిలో వేసి, సంచిని జైలు ముంగిట్లో పెట్టి నీళ్లకోసం వెళ్లాడు.

గవర్రాజు చెయ్యి ఆ సంచిలోకి పోయింది. డబ్బా అతని జేబులోకి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఫొటోలన్నీ రీలు మీదే పడేవి. రీలుకు వెలుగు తగిలిందా, ఫొటోలన్నీ పోయినట్టే. ఎండ వేడికీ పాడయ్యేది. ఒక్క మూర బయటికి లాగి, మళ్లీ చుట్టి పెట్టేస్తే ఎవరి పనో ఎవరికీ తెలియదు.

చాటుకు వెళ్లబోతుంటే మాస్టారు ఎదురయ్యారు.

"ఏరా, మొహం అలా ఉందేం?"

అడగకూడదనుకున్నదే గవర్రాజు నోటి నుంచి వచ్చేసింది. "నా ఫొటోలో లేనిది వాడి ఫొటోలో ఏముంది మాస్టారూ?"

మాస్టారు రమ్మని చెయ్యి ఊపారు. ఒక ఒంటరి ఖైదు గది దగ్గరికి తీసుకెళ్లారు. దానికి కిటికీ లేదు. తలుపు ఇనపరేకుది.

"లోపల కూర్చుని ఎదుటి గోడ చూస్తూ ఉండు."

"చీకట్లో ఏం చూడమంటారు?"

"నాకేం తెలుసురా," అని ఆయన తలుపు వేసేశారు.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. రేకులో ఎప్పుడో మేకు ఊడిపోయిన చోట చిన్న చిల్లు ఒక్కటే మెరుస్తోంది. గవర్రాజు జేబు తడుముకున్నాడు. ఇక్కడ లాగితే రీలుకేం కాదు. బయటికి వెళ్లాక చూసుకుందాం అనుకున్నాడు.

చాలాసేపటికి గోడ మీద చెమ్మలాంటి మరక ఒకటి తేలింది. చూడగా చూడగా అది జైలు ముంగిలి అయింది. బయటి వెలుగు ఆ చిల్లులోంచి వచ్చి బొమ్మ కడుతోంది. అంతా తలకిందులు. ఆకాశం అడుగున ఉంది, గేటు పైనుంచి వేలాడుతోంది. తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు తలకిందులుగా నడిచి వస్తున్నాడు. దేవదానం.

అతను సంచుల దగ్గర ఆగాడు. ఇప్పుడు రీలు వెతుకుతాడు అనుకున్నాడు గవర్రాజు.

వెతకలేదు. గవర్రాజు గోడవారన పెట్టిన కెమెరా మీదికి ఎండ జరిగి వచ్చింది. దేవదానం దాన్ని చేత్తో తాకి చూశాడు. తలకున్న తువ్వాలు విప్పి, దాని మీద నాలుగు వైపులా సర్ది కప్పాడు. వట్టి తలతో ఆ పక్కనే ఎండలో కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది.

"ఏం కనిపించింది?" అన్నారు మాస్టారు.

గవర్రాజు లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"నాకు చెప్పక్కర్లేదులే," అని ఆయన పక్కకు తప్పుకున్నారు.

గవర్రాజు తిన్నగా వెళ్లి డబ్బా తీసి దేవదానం చేతిలో పెట్టాడు.

"ఎండ తగలకుండా దాచావా అన్నా? మంచిపని చేశావు."

అవునంటే సరిపోయేది.

"దాచలేదు," అన్నాడు గవర్రాజు. "పాడు చేద్దామని తీశాను."

దేవదానం డబ్బా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు. తువ్వాలు మాత్రం ఆ కెమెరా మీది నుంచి తీయలేదు.

"అంతసేపు ఆ గదిలో ఏం చూశావన్నా?"

"నిన్నే," అన్నాడు గవర్రాజు.