సుభాన్ చేసిన లేహ్యం

సుభాన్‌కు ఒకటే బాధ. తాను చేసిన లేహ్యం మంచిదని గురువు అనడం లేదు. చెడ్డదనీ అనడం లేదు.

ఆదోని వైపు ఒక చిన్న ఊళ్ళో హకీం కరీముల్లా గారి దగ్గర అతను వైద్యం నేర్చుకుంటున్నాడు. నాడి గురించిన పాఠాలు ఎంత చదివినా బుర్రలో నిలిచేవి కావు. చివరికి బాదం, సరస్వతి ఆకు, ఒక అడవి తీగ గింజల నూనె తేనెలో కలిపి లేహ్యం వండుకున్నాడు. పొద్దునే ఒక చెంచా తినడం మొదలుపెట్టాక పాఠం నిలుస్తున్నట్టు తోచింది. నిద్ర తగ్గింది, నోరు ఎండిపోతోంది. వాటిని అతను పెద్దగా పట్టించుకోలేదు.

ఊళ్ళో చాలామంది టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నారు. వాళ్ళకు ఈ లేహ్యం ఇద్దామని గురువును అడిగాడు. చూద్దాం అన్నారాయన. ఎప్పుడడిగినా అదే మాట. సుభాన్ ఓపిక పట్టలేక, ఆయనకు చెప్పకుండా వెనక వీధిలో ఉండే నాగరత్నకు ఒక సీసా ఇచ్చేశాడు. ఆ పిల్ల అప్పటికే ఒకసారి పరీక్ష తప్పి, దిగులుతో ఉంది.

ఒకరోజు ఉండబట్టలేక సీసా తెచ్చి గురువు ముందే పెట్టాడు.

"ఇందులో అన్నీ చెట్టుమందులే హజ్రత్. ఇంకా ఏం ఆలోచిస్తున్నారు?"

హకీం గారు నవ్వారు. ఈ మధ్య తనకూ పేర్లు గుర్తుండటం లేదని, నిన్న మనవణ్ణి తమ్ముడి పేరుతో పిలిచానని చెప్పారు. ఆ మాట చెబుతూనే మూత తీసి, చెంచా నిండా లేహ్యం తీసుకున్నారు.

సుభాన్ మొహం వెలిగింది. అంతలో ఏదో తట్టి చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి హజ్రత్. మీరు రక్తం పలచబడటానికి మాత్రలు వేసుకుంటారు కదా."

"వేసుకుంటే?"

"వాటితో ఇది కలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు."

హకీం గారు చెయ్యి విడిపించుకోలేదు. "నాగరత్న ఏ మాత్రలు వేసుకుంటోంది?" అని అడిగారు.

 ఆయనకు ఎలా తెలిసిందని అడిగే ధైర్యం సుభాన్‌కు లేకపోయింది. ఆ పిల్లను తాను ఏమీ అడగలేదు. సీసా చేతిలో పెట్టి, పొద్దునే తినమని మాత్రం చెప్పాడు.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరుగెత్తాడు. నాగరత్న ఇంటికి తాళం వేసి ఉంది. గుండె దడగా ఉందంటే వాళ్ళ నాయన తెల్లారగానే ఆసుపత్రికి తీసుకుపోయాడని పక్కింటామె చెప్పింది. ఆసుపత్రి ఊరి చివర. అంత దూరమూ ఆ పిల్లకు ఏమీ కాకూడదని అల్లాను వేడుకుంటూ పోయాడు.

నాగరత్న వరండాలో బెంచీ మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది.

"నువ్వెందుకొచ్చినావు సుభానన్నా?" అంది ఆశ్చర్యంగా.

 సుభాన్ గోడకు చేరగిలబడి, ఊపిరి కుదుటపడ్డాక ఏమైనా మాత్రలు వేసుకుంటావా అని అడిగాడు. తాను చాన్నాళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానని ఆమె చెప్పింది. కొన్నాళ్ళుగా నిద్ర పట్టడం లేదట, చేతులు వణుకుతున్నాయట. పరీక్ష భయమనుకుందట. లేహ్యం సంగతి డాక్టరుకు చెప్పావా అంటే, అది మందెట్లా అవుతుంది, తినేదే కదా అంది.

సుభాన్ తానే లోపలికి వెళ్ళాడు. అందులో ఏమేం కలిపాడో, ఎంతెంత కలిపాడో డాక్టరమ్మకు దాచకుండా చెప్పాడు. ఆమె కోపంగానే విన్నది. గుండె పరీక్షలో తేడా ఏమీ కనిపించలేదని, అది తినడం ఆపి వారం తరవాత మళ్ళీ రమ్మని నాగరత్నకు చెప్పి పంపింది. ఇంకెవరికైనా ఇచ్చావా అని సుభాన్‌ను అడిగింది. లేదన్నాడు. ఆ మాట నిజమైనందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

నాగరత్న ఇంట్లో మిగిలిన లేహ్యం అడిగి తీసుకుని మధ్యాహ్నానికి హకీం గారి దవాఖానాకు తిరిగొచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. హకీం గారు కళ్ళు మూసుకుని విన్నారు. పిల్ల క్షేమమన్న మాట దగ్గర ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా ఆయనా భయపడుతూనే కూర్చున్నారని సుభాన్‌కు అప్పుడు తెలిసింది.

ఇద్దరూ టీ తాగారు. ఆ పిల్ల చేతిలో సీసా నిన్న సాయంత్రమే తన కంటబడిందని హకీం గారు చెప్పారు. సుభాన్ అడిగాడు.

"పొద్దున మీరు నిజంగానే తినేవారా హజ్రత్?"

"నువ్వు చేసిందే కదా బేటా," అన్నారు హకీం గారు. "తినేవాణ్ణే."