దాలయ్య తాత ఎంగిలి

అనగనగా, మీ తాతకి తాత కూడా పుట్టని కాలంలో, కొండ కింద ఓ పల్లె. అక్కడి వీధిబడి గుమ్మంలో దాలయ్య తాత బెల్లపుండలు అమ్ముకునేవాడు. మొదట్లో మంచోడే. బేరాలు పడిపోయేసరికి పాడుబుద్ధి పుట్టింది. ఉండల్లో మత్తెక్కించే భంగాకు కలిపాడు. తిన్న పిల్లలు మళ్ళీ వచ్చారు, మళ్ళీ మళ్ళీ వచ్చారు. తాత లోలోపల మురిసిపోయాడు. సిగ్గులేని ముసలాడు!

ఓ రోజు మనవడు పైడిగాడు తాత చూడకుండా బుట్టలోంచి ఓ ఉండ తీసి తిన్నాడు. బళ్ళోకెళ్ళి కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, పక్కనున్న సూరిగాడి నెత్తిమీద పలకతో కొట్టాడు. ఓలమ్మో, ఎంత నెత్తురు!

"ఎవడు నేర్పాడ్రా నీకిది?" అని పంతులు పైడిగాణ్ణి బెత్తంతో బాదాడు. గుమ్మంలో తాత బుట్టమీద గుడ్డ కప్పేశాడు. సూరిగాడి తల్లి గుండెలు బాదుకుంటూ వచ్చింది. తాత బుట్టని వెనక్కి జరుపుకున్నాడు. "నా సెయ్యి నా మాట ఇన్లేదు తాతా" అని పైడిగాడు ఏడ్చాడు. అప్పుడు తాత లేచి సూరిగాడి తల్లి ముందుకొచ్చాడు.

"ఆడు కాదమ్మా, నానే. ఉండల్లో ఆకు నానే కలిపీసినాను" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఊరు మొహాన ఉమ్మేసింది. పొమ్మంది.

"పోతాను బాబూ. ముందు ఈ పిల్లలకి నన్ను కాదనడం నేర్పనీండి" అని పంతులు కాళ్ళు పట్టుకున్నాడు.

పిల్లలకేమో అదే చేతకాదు. పెద్దవాళ్ళు పెడితే కాదనకూడదనే కదా మనం నేర్పేది! తాత ఆకు కలపని ఉండలు చేసి తెచ్చాడు. మొదటిరోజు ఉండ అందిస్తే కళ్ళు దించుకుని తీసుకున్నారు. రెండోరోజు "వద్దు" అని గొణిగి, మళ్ళీ తీసుకున్నారు.

"నా మొహం సూసి సెప్పండర్రా! ముందు నువ్వు తిను అనండి!" అని తాత బతిమాలాడు.

మూడోరోజు పైడిగాడు చేతులు వెనక్కి కట్టుకుని, తాత కళ్ళలోకి చూశాడు. "ముందు నువ్వు తిను తాతా. అప్పుడే నాను తింతాను" అన్నాడు.

సొంత మనవడే నమ్మనంటే ఎంత సిగ్గు! తాత ఉండ కొరికాడు. ఏడుస్తూ నమిలాడు. మిగిలింది పైడిగాడు అందుకున్నాడు.

ఊరు మళ్ళీ పొమ్మనలేదు. తాత బతికినన్నాళ్ళూ ఆ గుమ్మంలోనే కూర్చుని, కొత్తగా బళ్ళో చేరిన ప్రతి బిడ్డచేతా కాదనిపించుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ పిల్లలకి ఏది పెట్టినా ముందు కొరికే పెడతారు. కన్నతల్లైనా అంతే. కొత్తగా వచ్చిన చుట్టాలు "ఛీ, ఎంగిలి!" అంటారు. ఎందుకిలా అని అడిగితే ఊరివాళ్ళు తల దించుకుని, "దాలయ్య మా తాతేనండీ" అంటారు. ఏ ఇంట అడిగినా అదే మాట.